బల్దియా కథ – మన గుమ్మం దాకా

(రేడియోలో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంట్లో ఏ డబ్బాలో ఏముందో, నూనె ఇంకెన్నాళ్ళు వస్తుందో, చాకలి పద్దులో ఎన్ని బట్టలు బాకీ వున్నాయో మనకు కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. అదే గుమ్మం దాటి నాలుగడుగులు వేశామనుకోండి, ఇక అంతా "మునిసిపాలిటీ వాళ్ళు". వీధిదీపం వెలగకపోతే మునిసిపాలిటీ వాళ్ళు. కుళాయి రాకపోతే మునిసిపాలిటీ వాళ్ళు. కరెంటు పోయినా, బస్సు ఆగకపోయినా, ఆఖరికి మేడమీద ఆరేసిన వడియాలు కోతులు ఎత్తుకుపోయినా వాళ్ళే! ఈ "వాళ్ళు" ఎవరు, ఎక్కణ్ణించి వచ్చారు, మన కూకట్‌పల్లిదాకా ఎలా వచ్చారు అన్న సంగతి ఇవాళ మీతో చెప్పుకుందామని వచ్చాను.

హైదరాబాదులో పాతకాలం వాళ్ళు మునిసిపాలిటీ అనరు, "బల్దియా" అంటారు. పేపర్లలో కూడా ఈ మాట చూస్తూనే వుంటాం. ఈ బల్దియా పుట్టింది 1869లో. నిజాం రాజ్యానికి దివానుగా వున్న మొదటి సాలార్‌జంగ్ హయాంలో హైదరాబాదు నగరానికీ, దాని శివారు చాదర్‌ఘాట్‌కూ పురపాలన ఏర్పాటు చేశారు. నగరాన్ని 4 భాగాలుగా, చాదర్‌ఘాట్‌ను 5 భాగాలుగా పంచారు. మొత్తం కలిపి 55 చదరపు కిలోమీటర్లు, మూడున్నర లక్షల జనం. ఈ లెక్క ఒక్కసారి గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే 2001 జనాభా లెక్కల్లో మన కూకట్‌పల్లి మునిసిపాలిటీ ఒక్కదానిలోనే సుమారు 2 లక్షల 90 వేల మంది వున్నారు. అంటే సాలార్‌జంగ్ గారి నగరమంతా కలిపి, మన ఒక్క పేటకంటే కాస్త పెద్దదన్నమాట.

ఆ తర్వాత కథ ఉమ్మడి కుటుంబం కథలా నడిచింది. 1886లో చాదర్‌ఘాట్ వేరింటి కాపురం పెట్టుకుని విడిగా మునిసిపాలిటీ అయింది. 1933లో మళ్ళీ రెండూ కలిసి కార్పొరేషను అయ్యాయి. 1934లో మొదటిసారి ఎన్నికలు జరిగాయి. 1942లో ఆ కార్పొరేషను హోదా పోయింది, 1950లో తిరిగి వచ్చింది. అప్పుడే సికింద్రాబాదుకు కూడా విడిగా ఒక కార్పొరేషను ఏర్పడింది. పదేళ్ళు పక్కపక్కనే రెండు వంటిళ్ళు నడిచాక, 1960 ఆగస్టు 3న రెండింటినీ ఒక్కటి చేశారు. పాలనకు ఆధారమైన చట్టం మాత్రం 1955 నాటిది. తర్వాత ఎన్ని సవరణలు జరిగినా పునాది అదే.

ఈ తేదీలన్నీ బడిపిల్లల పాఠంలా వుంటాయి కాబట్టి ఇంతటితో వదిలేస్తాను. అసలు ఒక ఊరికి ఇటువంటి సంస్థ ఎందుకు కావాలో తేదీలవల్ల తెలియదు, వరదవల్ల తెలుస్తుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. సుమారు పదిహేను వేలమంది ప్రాణాలు పోయాయని లెక్క. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి నూటయాభైమందిదాకా బతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో వుంది. అంత నాశనం అయ్యాక, ఊరంటే ఇళ్ళ గుంపు కాదు, నీళ్ళు వచ్చే దారి, నీళ్ళు పోయే దారి కూడా ఊరేనని పాలకులకు తెలిసివచ్చింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. మూసీమీద ఉస్మాన్‌సాగర్, ఈసీమీద హిమాయత్‌సాగర్ కట్టారు. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడి ఇరుకు బస్తీలను విడగొట్టి వెడల్పు రోడ్లు వేయించింది, భూగర్భ మురుగు కాలువల పని కూడా మొదలయింది. మన అమ్మమ్మలు పాతబస్తీ గురించి, గండిపేట నీళ్ళ రుచి గురించి చెప్పుకునే మురిపెం అంతా ఆ వరద కడుపున పుట్టిందే.

సరే, మన వైపు వద్దాం. ఆ రోజుల్లో కూకట్‌పల్లి నగరం కాదు. బొంబాయి రోడ్డుమీద ఒక పల్లె. చెరువులు, పొలాలు, తాటిచెట్లు. 1958లో ఇక్కడ కుష్ఠురోగుల కోసం శివానంద పునరావాస కేంద్రం పెట్టారంటే, ఊరికి ఎంత దూరమని అనుకుని వుంటారో ఊహించుకోండి. ఆ రోగమంటే ఇంట్లోవాళ్ళే వెలివేసే కాలం అది. ఆ కేంద్రాన్ని నెలకొల్పిన మహిళ రాణీ కుముదినీదేవి గారు. వనపర్తి సంస్థానపు కోడలు. అంతఃపురంలో కూర్చోవలసిన మనిషి రోగుల పుళ్ళు కడిగేవాళ్ళ మధ్య తిరిగారు. ఈమె గురించి ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, 1962లో హైదరాబాదు నగరానికి మొట్టమొదటి మహిళా మేయరు ఈమే. 1965లో సరోజినీ పుల్లారెడ్డి గారు ఆ కుర్చీలో కూర్చున్నారు. మేయరు అంటే మీసాలు, తలపాగా, మెడలో గొలుసు అనుకునే రోజుల్లో మన ఊరికి నాలుగేళ్ళ వ్యవధిలో ఇద్దరు ఆడవాళ్ళు మేయర్లయ్యారు. కూకట్‌పల్లి కార్పొరేషనులో చేరడానికి నలభై అయిదేళ్ళ ముందే, కార్పొరేషను పెద్దావిడ మనసు కూకట్‌పల్లిలో వుందని నేను తమాషాగా అనుకుంటూ వుంటాను.

ఇంకో సంగతి. 1951లో ఎన్నికలు జరిగాక మేయరైనవారు మాడపాటి హనుమంతరావు గారు. ఆంధ్ర పితామహుడని పేరు. నారాయణగూడలో తెలుగు ఆడపిల్లలకు బడి పెట్టినవారూ ఆయనే. 1928లో, చదువుల్లో ఉర్దూదే పైచేయిగా వున్న ఊళ్ళో, అదీ ఆడపిల్లలకు! పురపాలన అంటే మోరీలు, రోడ్లు మాత్రమే అనుకునేవాళ్ళు ఇటువంటి మనుషుల్ని చూడాలి. మద్రాసు కార్పొరేషను సంగతి చూడండి. మన దేశంలో అన్నిటికన్నా పాతది అదే, 1688లో పుట్టింది. అక్కడ 1920లో మన తెలుగువారు పిట్టి త్యాగరాయశెట్టి గారు అధ్యక్షులుగా వుండగా, థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషను బడిలో పిల్లలకు మధ్యాహ్నం తిండి పెట్టడం మొదలుపెట్టారు. పిల్లవాడు బడికి ఎందుకు రావడం లేదంటే ఆకలివల్ల అని తెలుసుకోవడానికి పెద్ద చదువులు అక్కరలేదు, ఏ తల్లినడిగినా చెబుతుంది. ఆ తల్లి మాట వినిపించే చోటు కార్పొరేషను కావాలి. అసలు చిక్కు అక్కడే వుంది.

ఎందుకంటే మన హైదరాబాదు బల్దియాలో ఆ మాట వినేవాళ్ళు లేకుండా చాలా ఏళ్ళు గడిచాయి. 1970లో పాలకమండలి పోయాక మళ్ళీ ఎన్నికలు జరిగింది 1986లో. పదహారేళ్ళు! 1970లో పుట్టిన పిల్ల హైస్కూలు దాటేదాకా ఈ ఊరికి మేయరు లేడు. 1991లో ఆ మండలి గడువు ముగిశాక మళ్ళీ 2002దాకా ఎన్నికలు లేవు. ఈ మధ్యకాలమంతా ప్రభుత్వం నియమించిన స్పెషలాఫీసర్లదే పాలన. వాళ్ళలో సమర్థులు లేరని నేను అనను. ఉన్నారు. రోడ్లు వేసినవాళ్ళున్నారు, చెట్లు నాటినవాళ్ళున్నారు. కానీ అద్దెకున్నవాడు ఇల్లు ఎంత శుభ్రంగా వుంచినా, పెరట్లో చెట్టు కొట్టాలంటే ఇంటివాళ్ళను అడగాలి కదా! ఇక్కడ ఇంటివాళ్ళం మనం. మనల్ని అడిగేవాళ్ళు ఇరవై ఏడేళ్ళపాటు లేరు. 1992లో రాజ్యాంగానికి 74వ సవరణ వచ్చింది. అయిదేళ్ళకోసారి ఎన్నికలు జరపాలనీ, మండలి మధ్యలో రద్దయితే ఆర్నెల్లలో మళ్ళీ ఎన్నుకోవాలనీ, మూడోవంతు స్థానాలు స్త్రీలకు ఇవ్వాలనీ రాశారు. రాశాక కూడా హైదరాబాదు దాదాపు తొమ్మిదేళ్ళు ఎదురుచూసింది.

2002లో జనమే సూటిగా మేయర్ని ఎన్నుకున్నారు. తీగల కృష్ణారెడ్డి గారు గెలిచారు. ఆ పద్ధతి తర్వాత మారిపోయింది. కార్పొరేటర్లు, వాళ్ళతోపాటు పదవిరీత్యా సభ్యులైన ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు, ఎంపీలు కలిసి మేయర్ని ఎన్నుకునే పద్ధతి వచ్చింది. ఏది మంచిదని నన్నడిగితే, నాకు 2002 పద్ధతే నచ్చింది. నేను వేసిన ఓటుకు నేనే లెక్క అడగవచ్చు. ఇప్పటి పద్ధతిలో నా ఓటు రెండు మూడు చేతులు మారి వెళుతుంది.

ఇక మన సంగతి. కేపీహెచ్‌బీ కాలనీ హౌసింగ్ బోర్డువారు కట్టించింది. ఎల్.ఐ.జి., ఎం.ఐ.జి., హెచ్.ఐ.జి. అని ఇళ్ళకే కులాలు కట్టిన కాలనీ! మొదట్లో చేరిన పెద్దావిడ ఒకరు మా వీధిలో వున్నారు. "సాయంత్రం ఆరు దాటితే బస్సు దిగి నడవాలంటే భయమేసేదమ్మా, ఒక్కదాన్నీ వచ్చేదాన్ని కాదు" అంటారావిడ. ఇప్పుడు రాత్రి పన్నెండింటికి కూడా రోడ్డు దాటడానికి సందు దొరకదు. 1998లో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ తెరిచారు, 2017 నవంబరులో మెట్రో రైలు వచ్చింది. ఆఫీసులు అక్కడ, ఇళ్ళు ఇక్కడ. మేడలు లేచినంత వేగంగా మోరీలు లేవలేదు. లేవవు కూడా, ఎందుకంటే మేడ కట్టేవాడికి లాభం వుంది, మోరీ కట్టేవాడికి ఏముంటుంది?

2007 ఏప్రిల్ 16న ప్రభుత్వం కూకట్‌పల్లితోసహా 12 మునిసిపాలిటీలను హైదరాబాదులో కలిపి మహానగర కార్పొరేషను చేసింది. ఎల్.బి.నగర్, ఉప్పల్, మల్కాజిగిరి, కాప్రా, అల్వాల్, కుత్బుల్లాపూర్, శేరిలింగంపల్లి, రాజేంద్రనగర్ అన్నీ అప్పుడు కలిసినవే. 170 చిల్లర చదరపు కిలోమీటర్ల ఊరు ఒక్కరోజులో 600 దాటింది. మరి మనకు లాభమా, నష్టమా? అంతకుముందు మన మునిసిపాలిటీకి మనవే కౌన్సిలర్లు, మన ఛైర్మను. కూర తెచ్చుకుని వస్తూ ఆఫీసులో ఓ మాట చెప్పి రావచ్చు. కలిశాక డబ్బు పెద్దది, పనులు పెద్దవి, వంతెనలొచ్చాయి, 2022లో కైత్లాపూర్ వంతెన తెరిచారు. కానీ మన మాట చిన్నదయింది. 2011 జనాభా లెక్క ప్రకారం మహానగరంలో 67 లక్షల పైచిలుకు జనం, 150 వార్డులు. అంటే సగటున 45 వేలమందికి ఒక్క కార్పొరేటరు. పెళ్ళిలో వడ్డించేవాడు పంక్తికి ఒక్కడే అయితే చివరి ఆకు సంగతి మీకు తెలుసు. పైగా కలిపిన వెంటనే ఎన్నికలు కూడా పెట్టలేదు, 2009 నవంబరుదాకా మనకు కార్పొరేటరే లేడు.

ఈ కార్పొరేషనులో అధికారం ఎవరిదో కూడా చూద్దాం. చట్టం మూడు పెద్దరికాలు చెబుతుంది. కార్పొరేటర్ల సభ ఒకటి, అందులోంచి ఎన్నికైన స్టాండింగ్ కమిటీ ఒకటి, ప్రభుత్వం పంపే కమిషనరు ఒకరు. సభకు మేయరు పెద్ద. బడ్జెటు, తీర్మానాలు అక్కడ. పని చేయించే అధికారం, సంతకం, సిబ్బంది అంతా కమిషనరు చేతిలో. ఇంట్లో మామగారు "ఈ ఏడు ఆవకాయ ఎక్కువ పెట్టండి" అని తీర్మానిస్తారు, కొట్టుగది తాళంచెవులు అత్తగారి కొంగున వుంటాయి, అలాగన్నమాట. మేయరుగారి ఫోటో చూసి అన్నీ ఆయనే, ఆమే చేస్తారనుకుంటే పొరపాటు.

ఇప్పుడు పనికొచ్చే మాట. మీ ఇంటి ముందు మ్యాన్‌హోల్ పొంగిందనుకోండి, ఎవరికి చెప్పాలి? కుళాయి నీళ్ళూ, మురుగు గొట్టాలూ చూసేది జలమండలి. 1989 నవంబరు 1న దాన్ని విడిగా ఏర్పాటు చేశారు. వారి ఫిర్యాదుల నంబరు 155313, క్యాలెండరు మీద రాసిపెట్టుకోండి. వాననీళ్ళు పోయే నాలాలు, రోడ్లు, వీధిదీపాలు, చెత్త, పార్కులు, దోమలమందు, జనన మరణ పత్రాలు, ఇల్లు కట్టడానికి అనుమతి ఇవన్నీ కార్పొరేషనువి. కరెంటు పంపిణీ సంస్థ వేరు. మనం వారానికోసారి సంచులు పట్టుకు వెళ్ళే రైతుబజారు కార్పొరేషనుది కాదు, మార్కెటింగ్ శాఖది. ఈ తేడా తెలియకే సగం ఫిర్యాదులు దారి తప్పుతాయి. "ఇది మాది కాదమ్మా" అని ఒక గుమాస్తా అనగానే మనం ముఖం చిన్నబుచ్చుకుని వచ్చేస్తాం. "మీది కాదు సరే, ఎవరిదో కాగితం మీద రాసివ్వండి" అని అడిగి చూడండి, ఎంత తేడా వుంటుందో!

నాలా అన్నాను గనుక ఒక్క మాట. మన కూకట్‌పల్లి నాలా బాలానగర్, బేగంపేటల మీదుగా వెళ్ళి హుస్సేన్‌సాగర్‌లో పడుతుంది. 1562 ప్రాంతంలో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో మంచినీళ్ళ కోసం తవ్వించిన చెరువది! పరిశ్రమల మురుగు సంగతి ప్రభుత్వం చూడాలి. కానీ మనం ముడివేసి విసిరిన ప్లాస్టిక్ సంచి కూడా అదే దారిన పోయి ఎక్కడో అడ్డం పడుతుంది. 2020 అక్టోబరులో రెండు రోజుల వానకు ఇళ్ళలోకి నీళ్ళొచ్చి, బియ్యం డబ్బాలు తేలిన వీధులు ఈ నగరంలో ఎన్నో. 2015లో ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం బుట్టలు పంచారు. పచ్చదానిలో తడి చెత్త, నీలందానిలో పొడి చెత్త. నిజం చెప్పాలంటే చాలా ఇళ్ళలో ఆ నీలం బుట్ట బియ్యం పోసుకోవడానికి, పచ్చబుట్ట నీళ్ళు పట్టుకోవడానికి బాగా పనికొచ్చాయి. నవ్వకండి, ఆ బుట్టలూ మన పన్ను డబ్బులే.

పన్ను సంగతి చెప్పకుండా ముగించలేను. ఇంటిపన్ను ఏడాదికి రెండు విడతలు. మీ ఇల్లు ఎంత వెడల్పు, ఏ పేటలో వుంది, అద్దెకిస్తే ఎంత రావచ్చు అన్నదాన్ని బట్టి కడతారు. ఆలస్యమైతే నెలకు నూటికి 2 రూపాయలు వడ్డీ పడుతుంది. కొన్నేళ్ళుగా ఏప్రిల్ నెలలో ఏడాది పన్ను ముందే కడితే నూటికి 5 రూపాయలు తగ్గిస్తున్నారు. ఆ డబ్బుతో ఓ నెల ఇంగువ, జీలకర్ర వస్తాయి. రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కూడా మీ దగ్గర వసూలు చేస్తారు. మీ పేటలో గ్రంథాలయం ఎక్కడ వుంది? ఎన్ని గంటలకు తెరుస్తారు? అక్కడ ఆడవాళ్ళు కూర్చోవడానికి చోటుందా? కట్టినవాళ్ళం అడగవచ్చు. "మాది అద్దె ఇల్లు, మాకేం పన్ను" అనుకునే అక్కయ్యలూ, ఇంటివాళ్ళు ఆ పన్ను మీ అద్దెలో కలపకుండా వుంటారా?

ఇక చివరగా మన ఆడవాళ్ళ సంగతి. 2009 డిసెంబరులో బండ కార్తీకరెడ్డి గారు మహానగరానికి మొదటి మేయరు అయ్యారు. 2021 ఫిబ్రవరిలో గద్వాల విజయలక్ష్మి గారు మేయరు, మోతె శ్రీలత గారు డిప్యూటీ మేయరు, ఇద్దరూ స్త్రీలే. 2020 ఎన్నికల్లో 150 స్థానాల్లో సగం స్త్రీలకే కేటాయించారు. చాలా సంతోషం. కానీ గెలిచిన ఆమె ఇంటికి ఫోన్ చేస్తే ఎవరు తీస్తారు? "నేను కార్పొరేటరు భర్తను మాట్లాడుతున్నా, చెప్పండి" అనే మాట మీరూ వినే వుంటారు. ఇల్లు భార్య పేరున రిజిస్టరవుతుంది, పన్ను రసీదు ఆమె పేరున వస్తుంది, బీరువా తాళం ఆయన జేబులో వుంటుంది. ఆ అలవాటే కార్పొరేషనుకు కూడా వెళ్ళింది. దీనికి మందు చట్టంలో లేదు. మనం వెళ్ళినప్పుడు "ఆవిడతోనే మాట్లాడతాం, పిలవండి" అని అక్కడే కూర్చోవడంలో వుంది. నలుగురు ఆడవాళ్ళు గుమ్మంలో కూర్చుంటే ఎవరైనా లోపలికి కబురు పంపక తప్పదు.

ఓటు విషయంలో మాత్రం మనం గొప్పగా చెప్పుకోవడానికి లేదు. 2009లో నూటికి 42 మంది, 2016లో 45 మంది, 2020లో 46 మందికి కాస్త పైన ఓటు వేశారు. పల్లెల్లో పంచాయతీ ఎన్నికలకు ముసలమ్మలను మంచంమీద మోసుకొస్తారు. ఇక్కడ లిఫ్టు దిగి రావడానికి బద్ధకం. ఎన్నికలు పెట్టమని ఇరవై ఏడేళ్ళు ఎదురుచూసిన ఊళ్ళో, పెట్టినరోజున సగంమంది సెలవురోజు నిద్ర తీస్తున్నారు.

2025 డిసెంబరులో గీతలు మళ్ళీ మారాయి. ఔటర్ రింగురోడ్డు వైపున్న 27 పురపాలక సంఘాలనూ కార్పొరేషన్లనూ కలిపి, వార్డులను 300 చేశారు. కాబట్టి మీ ఇల్లు ఏ వార్డులో వుందో, దాని కొత్త పేరేమిటో, సరిహద్దు మీ వీధికి ఇటా అటా అన్నది పాత లెక్కన అనుకోకండి. ఓటర్ల జాబితాలో మీ పేరూ, మీ కోడలి పేరూ, ఈమధ్యే పద్ధెనిమిది నిండిన అమ్మాయి పేరూ వున్నాయో లేదో ఒకసారి చూసుకోండి. పుట్టింటి చిరునామా మీదే వుండిపోయిన కొత్త కోడళ్ళ పేర్లు ముఖ్యంగా చూడాలి, జాబితాలో ఎక్కువగా తప్పిపోయేది వాళ్ళ పేర్లే.